రేడియో బగ్గీ: అరిగిన భాగములు నేర్పిన పాఠములు

బగ్గీ అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. గుర్రమును కట్టి నడుపు తేలికైన బండి ఆ పేరుతోనే పట్టణముల వీథులలో తిరిగినది. తరువాత ఇసుక నేలలపై పరుగెత్తుటకు తేలికగా కట్టిన మోటారు బండికి కూడ ఆ పేరు సంక్రమించినది. 1964లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బ్రూస్ మేయర్స్ అను నిపుణుడు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు యంత్రభాగములకు గాజునార ప్లాస్టిక్ తొడుగు నమర్చి ‘మేయర్స్ మ్యాంక్స్’ అను బండిని నిర్మించెను. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పమున మొదటిసారి జరిగిన సుదీర్ఘమైన ఎడారి పందెమును గెలిచినది అట్టి బండియే.

ఆ ఎడారి బండికి ఇంచుమించు పదవవంతు కొలతలతో, నడుపువాని చేతిలోని పెట్టె నుండి వచ్చు రేడియో తరంగముల ఆజ్ఞను పాటించుచు పరుగెత్తునదే ఈ వ్యాసమునకు విషయమైన రేడియో బగ్గీ. దాని బరువు సుమారు కిలోన్నర. విద్యుత్తుతో నడచు బగ్గీల పందెము సాధారణముగా 5 నిమిషములలో ముగియును. ఆ 5 నిమిషములలో అది మట్టిలో దొరలును, దిబ్బలపై నుండి ఎగిరి పడును, ప్రక్క బండ్లను ఢీకొనును. పరుగు కొద్దిసేపే. పరుగు తరువాత దానిని విప్పి, తుడిచి, అరిగినదానిని మార్చి, మరల బిగించు పని మాత్రము చాలసేపు పట్టును.

ఈ చిన్న బండి చరిత్రను తయారుచేసిన సంస్థల పేర్ల వరుసగా చెప్పవచ్చును. కాని దానిని అరిగిన భాగముల చరిత్రగా చెప్పినచో విజ్ఞాన విద్యార్థికి ఎక్కువ లాభము. ఒక భాగము చెడును. బాగుచేయువాడు అది ఎందుకు చెడినదో విచారించి అంతకంటె మేలైనదానిని అమర్చును. అంతటితో కథ ముగియదు. ఆ భాగము ఇంతవరకు మోసిన శ్రమ ఇప్పుడు దాని ప్రక్కనున్న భాగముపై పడును. రేడియో బగ్గీ అభివృద్ధి అంతయు ఈ విధముగానే జరిగినది.

తలక్రిందులు కావలసిన గ్రాహకము

రేడియో ఆజ్ఞతో వాహనమును నడుపవచ్చునని ప్రజల యెదుట మొదట నిరూపించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనశాలలో ఒక నీటితొట్టిలో ఆయన చిన్న పడవను నడిపి చూపెను. అదే సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయనకు దానిపై అమెరికా పేటెంటు లభించినది.

ఆ పడవలో తరంగములను పసిగట్టిన పరికరము ‘కొహిరరు’. ఫ్రాన్సు దేశపు ఎడ్వార్డ్ బ్రాన్లీ 1890లో లోహపు పొడిని నింపిన గాజుగొట్టముపై ప్రయోగములు చేసెను. మామూలుగా ఆ పొడి విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు. సమీపమున విద్యుత్తరంగములు పుట్టినంతనే పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకొని విద్యుత్తుకు దారి యిచ్చును. తరంగము పోయిన తరువాత కూడ అవి అట్లే అంటుకొని యుండును. కావున రెండవ సంకేతము నందుకొనుటకు ముందు గొట్టమును తట్టి రేణువులను విడదీయవలెను. టెస్లా తన పడవలో ఆ చిన్న పాత్ర ప్రతి సంకేతము తరువాత తనంతట తానే తలక్రిందులగునట్లు ఏర్పాటు చేసెను. రేడియో వాహనములలో మొట్టమొదట శ్రద్ధ కోరిన భాగము ఇదియే. తట్టనవసరము లేకుండ తనంతట తాను పూర్వస్థితికి వచ్చు ఇనుము-పాదరసపు కొహిరరును గురించి జగదీశ చంద్ర బోసు 1899లో ప్రకటించెను.

ఆటవస్తువులకు రేడియో వచ్చుటకు ఇంకను కొంతకాలము పట్టినది. 1937లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను అన్నదమ్ములు రేడియోతో మాదిరి విమానమును ఎగురవేసిరి. ఆనాటి గ్రాహకములలో వాల్వు లుండెను. వాల్వు తంతువును వేడిచేయుటకు ఒక బ్యాటరీ, దాని ప్లేటుకు అధిక వోల్టేజి గల మరియొక బ్యాటరీ కావలసి యుండెను. ఆ తరువాతి దశాబ్దములలో చుక్కానిని త్రిప్పుటకు మెలిపెట్టిన రబ్బరు పట్టీ శక్తిని వాడుట సామాన్యమయ్యెను. మీట నొకసారి నొక్కినచో చుక్కాని పూర్తిగా కుడికి పోవును. విడిచినచో మధ్యకు వచ్చును. మరల నొక్కినచో పూర్తిగా ఎడమకు పోవును. ‘కొంచెము కుడికి’ అను ఆజ్ఞ దానికి తెలియదు. ఆకాశమున ఎగురు మాదిరికి ఇది ఎట్లో సరిపోయినది. ఇరుకు బాటలో మలుపులు తిరుగు కారుకు మాత్రము చాలదు.

1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత గ్రాహకము బరువు తగ్గినది. 1960 దశాబ్దములో మీటను ఎంత త్రిప్పిన అంతయే చక్రము తిరుగు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. ఆ పని చేయునది ‘సర్వో’. గ్రాహకము దానికి సెకనుకు సుమారు 50 పర్యాయములు చిన్న విద్యుత్ స్పందములను పంపును. స్పందము సుమారు ఒకటిన్నర మిల్లీసెకండ్లు నిలిచినచో చక్రములు తిన్నగా నుండవలెనని అర్థము. అంతకు తక్కువైనచో ఒక ప్రక్కకు, ఎక్కువైనచో రెండవ ప్రక్కకు తిరుగవలెను. సర్వోలోని చిన్న మోటారు తిరుగుచుండగా, దాని ఇరుసుకు తగిలించిన నిరోధకపు పరికరము ‘ఇప్పుడు ఇంత తిరిగితిని’ అని తెలుపుచుండును. ఆజ్ఞకు, స్థితికి మధ్య భేదము సున్న అగువరకు మోటారు తిరుగును. ఫలితమును తిరిగి చూచుకొని తప్పును దిద్దుకొను ఈ సూత్రము పెద్ద ఓడల చుక్కానులలోను, కర్మాగారముల యంత్రములలోను ఉన్నదే.

దుకాణము నుండి పందెపు బాటకు

1966లో ఇటలీలోని ఎల్-జీ అను సంస్థ ఫెరారీ కారు పోలికలో, పన్నెండవవంతు కొలతలతో, విద్యుత్తుతో నడచు రేడియో కారును అమ్మకమునకు పెట్టినది. జపానులోని షిజువోకా నగరపు తమియా సంస్థ 1976లో పోర్షే 934 మాదిరిని రేడియో కారుగా విడుదల చేసినది. ఆ మాదిరి సరిగా రావలెనని ఆ సంస్థకు చెందిన షున్‌సాకు తమియా ఒక నిజమైన పోర్షే కారును కొని, విడదీసి చూచెను. ఆ కార్లు చదునైన నేలపై పరుగెత్తునవి. 1979లో అదే సంస్థ ‘రఫ్ రైడర్’, ‘శాండ్ స్కార్చర్’ అను రెండు బగ్గీలను తెచ్చినది. వాటిలో చక్రములను మోయు భాగములు అచ్చుపోసిన లోహముతో చేయబడినవి. రేడియో భాగములను నీరును ధూళియు చొరకుండ మూతబిగించిన పారదర్శకపు పెట్టెలో నుంచిరి. మట్టిలోనికి దిగిన బండికి మొదటి శత్రువు ధూళి యని నిర్మాతలు అప్పుడే గుర్తించిరనుటకు ఆ పెట్టె సాక్ష్యము.

1984లో రెండు విధములైన బగ్గీలు వచ్చినవి. ఒకటి తమియా వారి ‘గ్రాస్‌హాపర్’, అనగా మిడుత. అది చవుకైనది, సరళమైనది, పిల్లల చేతికి తగినది. దాని చట్రమునకే అంతకంటె పెద్ద మోటారును అమర్చి ‘హార్నెట్’ అను పేరుతో మరియొక దానిని అమ్మిరి. రెండవ విధమైనది కాలిఫోర్నియాలో టీమ్ అసోసియేటెడ్ సంస్థకు చెందిన రోజర్ కర్టిస్ రూపొందించిన ‘ఆర్‌సీ10’. ఇది మొదటినుండి పందెమునకే పుట్టినది. బంగారు వన్నె అల్యూమినియపు చట్రము, నైలాను చేతులు, నూనె నింపిన అల్యూమినియపు షాక్ అబ్జార్బరులు దానికి కలవు. 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్ వద్ద ఈ తరగతికి మొదటి ప్రపంచ పోటీలు జరిగినప్పుడు రెండు చక్రములకు శక్తినిచ్చు బగ్గీల పందెములో ఆర్‌సీ10ను నడిపిన జే హాల్సీ గెలిచెను. నాలుగు చక్రములకు శక్తినిచ్చు తరగతిలో జపాను యొకోమో సంస్థ బగ్గీతో గిల్ లోసీ జూనియర్ గెలిచెను.

మిడుతను కొనిన కుఱ్ఱవాడు దానితో తృప్తిపడి యుండలేదు. ప్రక్కవాని బండి ముందుకు పోవుచుండగా తన బండిలో ఏ భాగమును మార్చవలెనను ప్రశ్న వానికి తప్పలేదు. చాలమంది మొదట పెద్ద మోటారును కొనిరి. అనుభవజ్ఞులు మొదట కొనినవి వేరు. అవి చిన్న చిన్న బేరింగులు.

ధూళి చెప్పిన మాట

కందెన పెట్టని ఇరుసు ఎంత భారమో ఎద్దుబండి తోలువారందరికి తెలియును. చవుక బగ్గీలలో చక్రపు ఇరుసులు ప్లాస్టిక్ బుష్షులలో తిరుగును. బుష్షులో ఇరుసు ఉపరితలము రాసుకొనుచు తిరుగును. ధూళి దానిలో చేరినప్పుడు గరుకు కాగితముతో రుద్దినట్లగును. కొంతకాలమునకు రంధ్రము అరిగి కోడిగ్రుడ్డు ఆకారమును పొందును. చక్రము ఊగును. ఊగిన చక్రముతో బాటు లోపలి పళ్ళచక్రములు కూడ తమ స్థానము తప్పి త్వరగా అరుగును. పళ్ళచక్రము అరిగినదని దానిని మాత్రము మార్చినవాడు నెల తిరుగకముందే మరల మార్చవలసి వచ్చును. రోగము ఒకచోట, నొప్పి వేరొకచోట.

బుష్షునకు బదులు ఉక్కు గుండ్ల బేరింగును అమర్చినచో రాపిడికి బదులు దొర్లుట జరుగును. దొర్లునప్పటి ఘర్షణ రాపిడి ఘర్షణ కంటె చాల తక్కువ. బండి ఇరుసులలో గుండ్లను వాడుటకు 1794లోనే వేల్సు దేశపు ఫిలిప్ వాన్ పేటెంటు పొందెను. ఆయన ఉద్దేశించినది గుర్రపు బండ్లకు. రెండు శతాబ్దముల తరువాత అదే ఉపాయము ఆ పేరుగల చిన్న బండికి మొదటి మెరుగు అయినది. కాని బేరింగునకు కూడ ధూళి శత్రువే. ఒక్కొక్క చక్రమును వ్రేలితో త్రిప్పి, అది నెమ్మదిగా నిలుచునా, గరగర శబ్దముతో టక్కున నిలుచునా యని పరీక్షించుట ప్రతి పందెము తరువాత చేయవలసిన మొదటి పని.

పళ్ళచక్రముల మధ్య ఎడమును సరిచూచుటకు ఒక సులభోపాయము కలదు. మోటారు ఇరుసుపై చిన్న చక్రమునకు, దానిని కరచుకొను పెద్ద చక్రమునకు మధ్య సన్నని కాగితపు ముక్కను పెట్టి, రెండింటిని దగ్గరకు నెట్టి, మోటారు స్క్రూలను బిగింతురు. తరువాత చక్రమును త్రిప్పి కాగితమును వెలికి తీయుదురు. కాగితపు మందము మేర ఎడము మిగులును. ఎడము లేనిచో మోటారు వేడెక్కును. ఎక్కువైనచో పళ్ళు విరుగును.

దూకిన బండి, నూనె నింపిన గొట్టము

పదవవంతు కొలతల బగ్గీ ఒక మీటరు ఎత్తునుండి దూకినచో, పెద్ద బండి పది మీటర్ల ఎత్తునుండి దూకినట్లు. అట్లు దూకిన పెద్ద బండి తునాతునకలగును. చిన్నది లేచి పరుగెత్తును. కారణమును గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. కొలతలు పదవవంతైనప్పుడు బరువు వేయవ వంతుకు పడిపోవును. కాని భాగముల అడ్డుకోత వైశాల్యము నూరవ వంతు వరకే తగ్గును. బలము వైశాల్యమును బట్టి యుండును గనుక చిన్న వస్తువు తన బరువుకు తగినదానికంటె బలమైనది. చీమ తనకంటె బరువైన గింజను మోయుటలోని రహస్యము కూడ ఇదియే.

అయినను ఆ తాకిడి శక్తి ఎక్కడికో పోవలెను గదా! కిలోన్నర బండి ఒక మీటరు దిగినప్పుడు విడుదలయగు శక్తి సుమారు 15 జౌళ్ళు. స్ప్రింగు దానిని మ్రింగదు, దాచుకొని తిరిగి యిచ్చును. అందుచేత స్ప్రింగు మాత్రమే ఉన్న బండి నేల తాకిన వెంటనే బంతివలె మరల ఎగురును. గాలిలో నున్న చక్రమునకు నేలపై పట్టు లేదు, మలుపు తిరుగుట అసాధ్యము. నూనె నింపిన గొట్టములో చిన్న రంధ్రములు గల ముషలకము కదలునప్పుడు నూనె ఆ రంధ్రముల గుండ దూరి శక్తిని వేడిగా మార్చును. స్ప్రింగు దాచిన శక్తిని ఖర్చుచేయు భాగము ఇది.

ఇక్కడ మెరుగు అనగా క్రొత్త భాగమును కొనుట కానక్కరలేదు. నూనెను మార్చుటయే మెరుగు. స్నిగ్ధత ఎక్కువైన నూనె పోసినచో చక్రము నెమ్మదిగా కదలును, తక్కువైనచో త్వరగా కదలును. గుంతలు ఎక్కువగా నున్న బాటకు ఒకటి, చదునైన బాటకు వేరొకటి కావలెను. సామాన్యపు నూనె వేడికి మిక్కిలి పలుచబడును. సిలికోను నూనె స్నిగ్ధత వేడికి అంతగా మారదు గనుక దానిని వాడుదురు. నూనె పోసిన తరువాత ముషలకమును మెల్లగా పైకి క్రిందికి కదపి, గాలిబుడగలు లేచిపోవువరకు వేచియుండి, అటుపిమ్మట మూత బిగించవలెను. తొందరపడినవాని గొట్టములో గాలి మిగులును. నూనె నిరోధము గాలికి ఉండదు గనుక రెండు ప్రక్కల గొట్టములు రెండు విధములుగా పనిచేయును, బండి ఒక ప్రక్కకు ఒరగును.

షాక్ అబ్జార్బరులు బాగుపడినకొలది నడుపువారు మరింత వేగముగా దూకిరి. అప్పుడు విరిగినవి చక్రములను మోయు చేతులు. వాటికి మరింత గట్టి పదార్థము వాడవలెనని తోచవచ్చును. నైలాను నిలిచిన కారణము గట్టితనము కాదు, వంగి తిరిగి యథాస్థితికి వచ్చుట. వంగని చేయి తాకిడిని చట్రమునకు చేరవేయును. చేయి విరిగినచో క్రొత్తది అమర్చుట సులభము. చట్రము వంగినచో బండి అంతయు చెడినట్లే. ఏ భాగము ముందుగా విరుగవలెనో నిర్ణయించుట కూడ యంత్రనిర్మాణములో ఒక భాగమే. ఇంటిలోని ఫ్యూజు తీగ చేయు పని కూడ ఇదియే.

అతుకులోని నష్టము

1980 దశాబ్దపు బగ్గీలకు శక్తి నిచ్చినవి నికెల్-కాడ్మియం ఘటములు. స్వీడను దేశపు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనుగొన్న జాతి అది. 1.2 వోల్టుల ఘటములు ఆరింటిని వరుసగా కలిపినచో 7.2 వోల్టులు వచ్చును. ఆనాటి సామాన్యమైన ఘటము సామర్థ్యము 1,200 మిల్లీ ఆంపియర్-గంటలు. అది 5 నిమిషములలో ఖర్చగునట్లు నడిపినచో సగటు విద్యుత్ప్రవాహము 14.4 ఆంపియర్లు. ఇంటిలోని దీపము తీసికొను ప్రవాహముతో పోల్చినచో ఇది చాల పెద్దది.

ఈ దారిలో ఎక్కడనో ఒక తుప్పుపట్టిన అతుకు వలన 0.05 ఓముల నిరోధ మేర్పడినదనుకొందము. ఓము సూత్రము ననుసరించి అక్కడ నష్టమగు వోల్టేజి 0.72. అనగా మొత్తములో సరిగా పదియవ వంతు! అక్కడ పుట్టు వేడి 10 వాట్లకు పైన. ఖరీదైన మోటారును కొనినను రాని వేగము ఒక అతుకును శుభ్రము చేసి మరల టంకము పెట్టినచో రావచ్చునని ఈ చిన్న లెక్క తెలుపును.

వరుసగా కలిపిన ఆరు ఘటములలో ఒకటి బలహీనమైనదైనచో ముందుగా అది ఖాళీయగును. మిగిలిన ఐదును దానిగుండ ప్రవాహమును నెట్టుచునే యుండును గనుక దాని ధ్రువములు తారుమారై అది పాడగును. అందుచేత పందెగాండ్రు ఒక్కొక్క ఘటమును వేరుగా పరీక్షించి, సమానబలము గలవాటిని మాత్రమే ఒక కట్టలో చేర్చుచుండిరి.

వేగమును తగ్గించుటకు ఆనాడు నిరోధకపు తీగచుట్టను వాడిరి. సర్వో చేతికి తగిలించిన లోహపు నాలుక మూడు నాలుగు మెట్లపై జరుగుచు నిరోధమును మార్చును. సగము వేగముతో పోవునప్పుడు మిగిలిన శక్తి వేడిగా మారి వృథా యగును. మెట్లు నల్లబడును, నాలుక కాలును. వాటిని తరచుగా గరుకు కాగితముతో రుద్దవలెను. దాని స్థానములో ట్రాన్సిస్టరులతో చేసిన వేగ నియంత్రకము వచ్చెను. అది ప్రవాహమును తగ్గించదు, సెకనుకు అనేకసార్లు తెంచి కలుపును. కలిపిన కాలమెంతయో మోటారుకు చేరు సగటు శక్తి అంత. ఈ మార్పుతో వృథా తగ్గి, అంతే బ్యాటరీతో బండి ఎక్కువ దూరము పోయినది.

మోటారు దోషము, రేడియో లక్షణము

మోటారులో తిరుగుచుట్టకు విద్యుత్తు నందించునవి కర్బనపు బ్రష్షులు. అవి రాగిపలకల కమ్యుటేటరుపై రాసుకొనుచుండును. తిరుగుచుట్ట ప్రతి అర్ధభ్రమణమునకు ప్రవాహపు దిక్కును మార్చుట కమ్యుటేటరు పని. రాపిడి వలన రాగి గాట్లుపడును, బ్రష్షు పొట్టియగును, దానిని నొక్కు స్ప్రింగు వేడికి మెత్తబడును. పందెగాండ్రు అంగుళములలో కొలువదగిన చిన్న లేత్ యంత్రముపై కమ్యుటేటరును సన్నగా చెక్కి నునుపు చేయుదురు. బ్రష్షులను మార్తురు.

అరిగిన బ్రష్షు ఎగిరెగిరి పడునప్పుడు నిప్పురవ్వలు పుట్టును. నిప్పురవ్వ అనగా రేడియో తరంగము. 1887-88లో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుత్తరంగములను సృష్టించినది నిప్పురవ్వతోనే. అనగా అరిగిన మోటారు బగ్గీలో గ్రాహకమునకు కొన్ని అంగుళముల దూరమున నున్న ఒక చిన్న ప్రసార కేంద్రము! దాని రొదలో యజమాని ఆజ్ఞ వినబడదు. చక్రములు తమంతట తాము అటునిటు కొట్టుకొనును. నడుపువాడు సర్వో చెడినదనుకొని దానిని మార్చును, గ్రాహకమును మార్చును. దోషము మాత్రము మోటారులోనే యుండును. బ్రష్షులను మార్చి, మోటారు మొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ కండెన్సరులను అతికినచో రోగము కుదురును. లక్షణమును చూచి వెంటనే భాగమును మార్చరాదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

రేడియోకు ప్రక్కవాని వలన కూడ చిక్కు కలదు. 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమున సామాన్యముగా ఆరు మార్గములు, వాటికి ఆరు రంగుల గుర్తులు ఉండెను. ప్రతివాడు ప్రేషకములోను గ్రాహకములోను తన మార్గమునకు తగిన స్ఫటికమును అమర్చుకొనును. ఒకే రంగు గలవారిద్దరు ఒకేసారి మీట వేసినచో ఒకని ఆజ్ఞను రెండవవాని బండి పాటించి గోడకు కొట్టుకొనును. 2005 ప్రాంతమునుండి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వ్యాపించి ఈ చిక్కును తొలగించినవి. వీటిలో చాలభాగము ఒకే పౌనఃపున్యముపై నిలువక, ప్రేషకము, గ్రాహకము ముందుగా కూడబలుకుకొనిన క్రమములో ఒకదానినుండి వేరొకదానికి గెంతుచుండును. ఈ ఆలోచనకు పాత చరిత్ర కలదు. 1942లో నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ యాంథీల్ కలిసి నీటిలోని టార్పీడోను రేడియోతో నడుపుటకు ఇట్టి గెంతు పద్ధతిపై అమెరికా పేటెంటు పొందిరి. తరంగదైర్ఘ్యము 11 మీటర్ల నుండి 12.5 సెంటీమీటర్లకు తగ్గినందున గ్రాహకపు పొడుగాటి ఏరియలు తీగకు బదులు వ్రేలెడు తీగ చాలినది. దూకినప్పుడు తెగిపోవు తీగయొక్క బాధ కూడ దానితో పోయినది.

శ్రమ ఎక్కడికి పోయినది?

2000 తరువాతి దశాబ్దములో బ్రష్షులు లేని మోటారు బగ్గీలలో ప్రవేశించెను. దానిలో తిరుగునది అయస్కాంతము, నిలిచియుండునది తీగచుట్ట. కమ్యుటేటరు పనిని ట్రాన్సిస్టరులు చేయును. రాసుకొను భాగము లేదు గనుక బ్రష్షులను మార్చు పనియు, రాగిని చెక్కు పనియు లేవు. అదే కాలమున లిథియం-పాలిమర్ ఘటములు వచ్చినవి. రెండు ఘటములతోనే 7.4 వోల్టులు లభించును. తక్కువ బరువుతో ఎక్కువ శక్తి నిలువయగును.

వెంటనే బలహీనత స్థానము మారినది. పూర్వము మోటారు తట్టుకొనలేని వేగమునకు ఇప్పుడు పళ్ళచక్రములు తట్టుకొనలేకపోయినవి. వాటిని కాపాడుటకు పూర్వమునుండి ఉన్న జారు క్లచ్చి ఇంకను ముఖ్యమైనది. తాకిడి హెచ్చైనప్పుడు అది కొంచెము జారి పళ్ళను కాపాడును. దాని బిగింపు ఎక్కువైనచో పళ్ళు పోవును, తక్కువైనచో బండి కదలదు. టైరులు ఒకటి రెండు దినములలోనే నున్నబడ సాగెను. బాటలు కూడ మారినవి. వదులు మట్టికి బదులు గట్టి బంకమన్ను, తివాచీ, కృత్రిమ గడ్డి పరచిన బాటలు పెరిగినందున, 2010 తరువాతి సంవత్సరములలో మోటారును వెనుక ఇరుసుకు వెనుకనుండి ముందుకు జరిపిరి. వెనుక బరువు పట్టు నిచ్చిన కాలము పోయి, బరువు మధ్య నుండుట మేలైన కాలము వచ్చెను.

ఈ లాభములతో ఒక నష్టము కూడ వచ్చినది. అరిగిన బ్రష్షును పదిహేనేండ్ల బాలుడు తన కంటితో చూచి, తన చేతితో మార్చి, ఫలితమును గడియారముతో కొలువగలిగెను. కాలిన ట్రాన్సిస్టరు నియంత్రకము నల్లని రాలలో పోతపోయబడి యుండును. దానిని విప్పి చూచునది లేదు, పారవేసి క్రొత్తది కొనవలెను. లిథియం ఘటమును ప్రయోగములకు గురిచేయుట అపాయకరము. ఒక్కొక్క ఘటమును 4.2 వోల్టులకు మించి నింపరాదు, సుమారు 3 వోల్టులకు దిగువ ఖాళీ చేయరాదు, ఉబ్బినదానిని వాడరాదు, నిప్పుకు అంటుకొను వస్తువుల వద్ద చార్జి చేయరాదు. యంత్రము మేలైనకొలది అది విద్యార్థికి చెప్పు మాటలు తగ్గినవి.

పాత బండ్లకు తిరిగి గిరాకీ వచ్చుటకు ఇది కూడ ఒక కారణము కావచ్చును. తమియా సంస్థ హార్నెట్‌ను 2004లో, గ్రాస్‌హాపర్‌ను 2005లో, శాండ్ స్కార్చర్‌ను 2010లో తిరిగి అచ్చుపోసి అమ్మినది. ఆర్‌సీ10 కూడ 2013లో తిరిగి వచ్చినది. పాత బండి గలవారికి దీనివలన విరిగిన భాగములు కూడ లభించినవి.

పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించువారికి అట్టి సరళమైన బగ్గీ ఒకటి చేజిక్కినచో దానితో చేయించదగిన పని చాల కలదు. నియమము ఒక్కటే: ఒక పర్యాయము ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. మొదట బండిని శుభ్రము చేయించి, 20 మీటర్ల దూరమును ఎన్ని సెకండ్లలో పోవునో ఐదుసార్లు కొలిపించి సగటు తీయించవలెను. తరువాత బుష్షుల స్థానమున బేరింగులు పెట్టించి మరల కొలిపించవలెను. అటుపిమ్మట అతుకులను బాగుచేయించి మూడవసారి కొలిపించవలెను. మోటారు, బేరింగులు, బ్యాటరీ అన్నియు ఒకేరోజు మార్చిన విద్యార్థికి బండి వేగము పెరుగవచ్చును, కాని ఏది పెంచినదో ఎన్నటికిని తెలియదు. ఒక్కొక్కటిగా మార్చిన విద్యార్థి నోటుపుస్తకములో ఏ మార్పు ఎంత లాభమిచ్చినదో అంకెలలో నిలిచియుండును. తరువాత ఏ భాగము మొదట అరుగునో అతడు ముందుగానే ఊహించి వ్రాసి, నెల తరువాత సరిచూచుకొనవచ్చును.